రాళ్లగడ్డకు పడవలో దాటిన ఇరవై ఏడేళ్లు

1969వ సంవత్సరం జూలై పద్నాలుగవ తేదీన, ధర్మపురిలోని మన ద్వీప గ్రామ పరిశోధనా కేంద్రంలో శ్రీ కొండల్‌రావు గారు క్షేత్ర పరిశోధకులుగా చేరారు. ప్రభుత్వానికి గాని, విశ్వవిద్యాలయానికి గాని అనుబంధం లేని ఈ స్వతంత్ర సంస్థకు ఆనాడు ఉన్న ఆస్తి రెండు గదులు, ఒక పడవ. ఆశయం మాత్రం గోదావరి నడుమ దీవుల్లో బతికే కుటుంబాలకు వరదను తట్టుకునే ఇళ్లను, సేద్యపు నూతన పద్ధతులను అందించడం. హుస్నాబాద్‌లో సొంత భూములు చూసుకుంటూ హాయిగా ఉండవలసిన వారు, రాళ్లగడ్డ అనే దీవిని కోరి ఎంచుకున్నారు.

తొలి పదేళ్లు వరద మట్టాలు కొలవడంలో, ఒండ్రునేలకు తగిన జొన్న రకాలను వెతకడంలో గడిచాయి. ఆ రోజుల్లో వారికి తమ కొలతలంటే మహా నమ్మకం. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. 1983లో నలభై కుటుంబాల యాసంగి విత్తనం దాచేందుకు గిడ్డంగి కట్టించబోతే, దీవికి పెద్దదిక్కయిన సత్తవ్వ అడ్డుపడింది.

“సారూ, గీ జాగల వద్దు. పెద్ద గోదారొస్తే గిట్లకెల్లే పారుతది.”

“పద్నాలుగేండ్ల లెక్కలున్నయి సత్తవ్వా. నీళ్లు గీడిదాక రాలే.”

“నేను పుట్టి అరువై ఏండ్లాయె సారూ.”

గిడ్డంగి అక్కడే లేచింది. ఆ ఆగస్టులోనే విత్తనంతో సహా గోదావరిలో కలిసింది. నీరు తీసిన నాడు వారు గడపగడపకూ వెళ్లి తప్పు తమదేనని ఒప్పుకున్నారు.

“తప్పంటే మొలక లేస్తదా సారూ?” అంది సత్తవ్వ. “ముందుగాల కూసోండ్రి. ఇగనన్న మా మాట ఇనుండ్రి.”

కొండల్‌రావు గారు హుస్నాబాద్‌లోని తమ పొలం నుంచి విత్తన జొన్నలు తెప్పించి ఆ యేడు యాసంగి నిలబెట్టారు. నాటి నుంచి వారి ప్రతి నివేదికలో మొదటి పుట దీవి జనం కాదన్న మాటలకే కేటాయించారు. 1988లో సంచాలక పదవి వెతుక్కుంటూ వచ్చినా, రాళ్లగడ్డ వదలవలసి వస్తుందని వద్దన్నారు.

ఇరవై ఏడు వర్షాకాలాలు ఏ మనిషినైనా అరగదీస్తాయి. ఇప్పుడు వారి మోకాళ్లు పడవ ఎక్కనివ్వడం లేదు. విరమణ వేళ పదవీకాలం పొడిగిస్తామంటే, “అలిసిపోయిన, ఇగ నాతోని కాదు” అన్నారు. వారి స్థానంలో ఎవరో ఒకరు వెళ్లకపోతే దీవిలోని శాఖ మూతపడుతుంది. ముగ్గురిని అడిగారు, ముగ్గురూ తప్పించుకున్నారు. పిల్లల చదువులన్నారొకరు, ముసలి తల్లి అన్నారొకరు. వానలో తడిస్తే ఒంటికి సరిపడదని వైద్యుని చీటీ చూపిన మూడవవాడు ఈ వ్యాసకర్తే. కొండల్‌రావు గారు ఆ చీటీ చదివి, మడిచి తిరిగిచ్చి, “మంచిది, పానం పైలం” అని మాత్రం అన్నారు. ఆ మాటకు సిగ్గుతో తల దించుకోవలసి వచ్చింది.

వారికీ, సహధర్మచారిణి సరళాదేవి గారికీ సంపూర్ణ ఆరోగ్యం, నిండు నూరేళ్ల ఆయుష్షు కలగాలని కేంద్రమంతా మనసారా కోరుకుంటున్నది. వాన మొదలైతే ఆయనకు కంటిమీద కునుకుండదని ఆ తల్లి అంటుంటారు. ఆ వైద్యుని చీటీ సాకును వెనక్కి తీసుకోవడం జరిగింది. జూలై ఒకటిన రాళ్లగడ్డకు వెళ్లే పడవలో ఈ వ్యాసకర్త ఉంటాడు. కొండల్‌రావు గారు ఇక ఫికర్ లేకుండా నిద్రపోవచ్చు.