ఉడుత గెంతు

ఫిన్లాండ్‌లోని కోట్కాలో, రేవు వెనక వీధిలో, కైసు ఇంటి వంటగది. శనివారం సాయంత్రం, పెరట్లో ఆవిరిస్నానానికి సౌనా గది పొయ్యి రాజుకుంటోంది. బల్ల మీద లాప్‌టాప్, దాని ముందు తమ్ముడు ఇలారి. అతని ముఖం చూడాల్సి వస్తుందేమోనని కైసు లేని పని కల్పించుకుని తిరుగుతోంది.

“ఇంకోసారి పెట్టక్కా.”

“మూడుసార్లు చూశావురా ఇలారీ. ఎన్నిసార్లు చూసినా ఆ హెల్సింకి కంపెనీ వీడియో గేమ్ ట్రైలర్ అదే.”

“నాలుగోసారి చూస్తాను. పెట్టు.”

“కాఫీ చల్లారిపోతోంది. ముందు అది తాగి...”

“కాఫీ గీఫీ తర్వాత. పెట్టు.”

“లాప్‌టాప్ నీ ముందే ఉంటే నన్నడుగుతావేం?”

“నువ్వు నొక్కు. నేను తెర మీంచి కళ్ళు తిప్పను.”

“సరే, జరుగు. ఇదిగో, పెట్టాను.”

“చూడు. ముందు పొగమంచు. అందులోంచి కొండ. ఇప్పుడు కెమెరా వెనక్కి వెనక్కి వెళ్తుంది, ఊరు కనపడుతుంది, సముద్రం కనపడుతుంది... అదీ! ఎన్ని దీవులున్నాయి?”

“నేను లెక్కపెట్టలేదు.”

“ఏడు. నేను చేస్తున్న ఆటలో ఎన్ని దీవులు?”

“ఏడే అన్నావు.”

“అనడమేంటి, ఏడే!”

“దీవులన్నాక ఏడుంటాయి, పదుంటాయి. మన రేవులో నిలబడి చూస్తే కనపడవూ? దీవుల మీద ఎవరికీ పట్టా లేదు కదరా.”

“మరి ఆ అడవో? ఒక పక్క మంచు, ఒక పక్క ఎండ. నడుమ చిన్న ఏరు. నేను చెప్పిన అడవేనా, కాదా?”

“చెప్పావు. ఏరు దాటితే చలికాలం పోయి ఎండాకాలం వస్తుందని చెప్పావు.”

“ఎక్కడా గోడ లేదు, తలుపు లేదు, ఆగమనేవాడు లేడు. దూరాన కనపడ్డ చెట్టు దగ్గరికి నిజంగానే పోవచ్చు. గట్టు మీంచి గట్టు మీదికి గెంతుకుంటూ పోవచ్చు. నేను నెత్తీ నోరూ కొట్టుకుంటున్నది ఇదే కదక్కా! సముద్రమంత చోటు, అందులో ఒక్క చిన్న ప్రాణి. దానికి తెలిసిన విద్యల్లా గెంతడమే.”

“వీళ్ళది నక్క కదా. నీది ఉడుత.”

“అబ్బో, ఎంత తేడా! తోక రంగు కూడా ఒకటే.”

“మన అడవుల్లో ఎర్రగా లేని నక్కనో ఉడుతనో నువ్వెక్కడ చూశావు?”

“నువ్వు వాళ్ళ పక్షమా, నా పక్షమా?”

“నేను కాఫీ పక్షం. తాగు.”

“కింద జనం ఏం రాశారో చదివావా? ‘పదేళ్ళకి ఒక్కసారి వస్తుంది ఇలాంటి ఆట’ అట. ఇంకొకడు ‘చూస్తూ ఏడ్చేశాను’ అట. బెల్జియం వాడు. వాడెందుకేడవడం? ఏడవాల్సింది నేను!”

“చదవకు మరి.”

“చదవకపోతే లేకుండా పోతాయా? ఇంక వచ్చే వసంతానికి నేను నాది విడుదల చేస్తే ఏమంటారు? నక్కని చూసి ఉడుత వాత పెట్టుకుందంటారు.”

“ఎవరంటారు?”

“లోకమంతా అంటుంది. ముందు ఆ బెల్జియం వాడంటాడు.”

“అయితే వదిలెయ్యరా.”

“ఏం వదిలెయ్యాలి?”

“ఆటని. ఇంకేదైనా పని చూసుకో. రేవులో ఎప్పుడూ మనుషులు కావాలంటూనే ఉంటారు...”

“ఏడేళ్ళక్కా! నీ సౌనా పక్క గదిలో కూర్చుని, నువ్వు వండింది తింటూ, నీ కరెంటు తగలేస్తూ. నీ స్నేహితురాళ్ళు ఎన్ని అన్నా నువ్వు నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ ఉడుత తప్ప నీకు చూపించడానికి నా దగ్గర ఏముంది?”

“అదీ చూపించలేదుగా.”

“ఆఁ?”

“ఏం లేదు. యాలకుల బన్ను ఉంది, తింటావా?”

“పూర్తయ్యాక చూపిస్తానన్నాను. పైకప్పు లేని ఇంటికి ఎవరైనా చుట్టాల్ని పిలుస్తారా?”

“పిలవరులే.”

“వసంతానికి పూర్తవుతుంది.”

“పోయిన వసంతానికీ అన్నావు.”

“పోయిన వసంతం వేరు. అప్పుడు... ఆగు! ఆపక్కా. అక్కడే ఆపు!”

“ఏమైందిరా? గుండెలదిరిపోయాయి.”

“వెనక్కి జరుపు. ఇంకొంచెం. ఇప్పుడు వదులు. చూశావా?”

“ఏం చూడాలి?”

“కాలు. నక్క గట్టు మీద దిగింది కదా, మూడు కాళ్ళు ఒక్కసారి పడ్డాయి. వెనక కుడికాలు రెప్పపాటు ఆలస్యంగా పడింది.”

“అలిసిపోయి ఉంటుంది.”

“నక్కా?”

“అన్ని కొండలు గెంతితే అలిసిపోదా?”

“అది బొమ్మక్కా! బొమ్మ అలిసిపోవాలంటే ఎవడో ఒకడు కూర్చుని దాన్ని అలిసిపోయేట్టు చెయ్యాలి. మన పెరట్లోకి ఒక ఉడుత వచ్చేది, గుర్తుందా? నువ్వు గింజలు వేసేదానివి.”

“గుర్తులేకేం. కుంటిది. పాపం, నా చెప్పుల దాకా వచ్చేది.”

“ఏ కాలు కుంటి?”

“ఏమోరా. ఎప్పటి మాటో.”

“వెనక కుడికాలు. పిల్లి కరిచింది. ఒక చలికాలమంతా దాన్ని కిటికీలోంచి చూసి చూసి, ఆ కాలు తెచ్చి నా ఉడుతకి పెట్టాను. రెప్పపాటు ఆలస్యం, అంతే. కంటికి ఆనదు, చేతికి తెలుస్తుంది. బటన్ నొక్కిన వాడికి లోపల ప్రాణమున్నట్టు అనిపిస్తుంది. ఇప్పుడు చెప్పు, హెల్సింకి కంపెనీ వాళ్ళ నక్కకి కోట్కాలో పిల్లి కరిచిన కాలెందుకుంటుంది?”

“ఏదో అలా కుదిరిందేమో.”

“కుదిరిందా? గెంతు చూడు మరి. పైకి ఎక్కేటప్పుడు నెమ్మది, దిగేటప్పుడు గబుక్కున. పైన ఒక్క క్షణం గాల్లో ఆగుతుంది. వెనక కాళ్ళు కడుపులోకి ముడుచుకున్నాకే తోక వస్తుంది. అదిగో, గట్టు దాటిపోయింది, కాళ్ళ కింద నేల లేదు. అయినా ఆట జాలి తలిచి ఇంకొక్క క్షణం గెంతనిచ్చింది. ఇవన్నీ నా కొలతలు. ఇది నా గెంతు!”

“గెంతులన్నీ ఒకలాగే ఉంటాయి కదరా.”

“నువ్వు బడి పిల్లలకి గురువారం గురువారం వండే బఠానీ సూపు, పక్క బడిలో వండే సూపు, రెండూ ఒకలాగే ఉంటాయా?”

“దానికీ దీనికీ...”

“ఉంటాయా అక్కా?”

“ఉండవు.”

“ఉండవు కదా. అయితే ఎవడో నా ఇంట్లోకి చొరబడ్డాడు. ఇంటర్నెట్‌లోంచి కాదు, నా గదిలో మెషీన్‌కి కావాలనే ఇంటర్నెట్ పెట్టలేదు. అంటే కాళ్ళతో నడిచి వచ్చాడు. నేను గది దాటను. దాటి ఎప్పుడెళ్ళాను?”

“దుకాణానికి వెళ్తుంటావుగా.”

“దుకాణానికి వెళ్తే పాలు తీసుకుని వచ్చేస్తాను. అంతలో ఏం దోస్తాడు? ఆగు... అపెండిక్స్! ముందటేడు మధ్యవేసవి పండగకి ఆసుపత్రిలో ఉన్నాను. ఇంట్లో ఎవరున్నారప్పుడు?”

“నేనున్నాను.”

“నువ్వు కాక?”

“సౌనాలో కట్టె వేసి వస్తాను.”

“కూర్చో.”

“ఆరిపోతుందిరా...”

“ఆరనీ. కూర్చో అక్కా. నువ్వు కాక ఎవరొచ్చారు?”

“యోన్నా వాళ్ళన్న. రికు.”

“యోన్నా ఎవరు?”

“బడి వంటింట్లో నాతో చేస్తుంది, ఆ పొట్టి పిల్ల. వాళ్ళన్న ఆటల కంపెనీలో పని చేస్తాడు. పండగకి ఊరొచ్చాడు.”

“ఏ ఆటల కంపెనీ?”

“హెల్సింకిలో.”

“హెల్సింకిలో ఏ కంపెనీ?”

“అదేరా.”

“అదే అంటే?”

“ఆ నక్క వాళ్ళది.”

“వాణ్ణి... వాణ్ణి గదిలోకి ఎవరు రానిచ్చారు?”

“రానివ్వడం కాదు. నేనే రమ్మన్నాను.”

“అక్కా!”

“అరవకు, చెప్తా. నువ్వు ఆసుపత్రిలో సున్నం గోడలా పాలిపోయి పడున్నావు. ఇక్కడ నీ మెషీన్ గుర్రుమంటూ తిరుగుతూనే ఉంది, ఆపుదామని వెళ్ళాను. తెర మీద ఉడుత నా వంకే చూస్తోంది. ఏదో బటన్ తగిలింది. గెంతింది. ఇంకోసారి నొక్కాను. ఎంత బావుందిరా ఇలారీ! నాకు ఆటలంటే ఓనమాలు రావు. అయినా నిలబడి నిలబడి గెంతిస్తూనే ఉన్నాను. పొయ్యి మీద దుంపలు మాడి బొగ్గయ్యాయి. నా మోకాళ్ళ నొప్పులు కూడా మర్చిపోయాను.”

“బావుందా?”

“చెప్తున్నానుగా. నా తమ్ముడు ఇంత పనిమంతుడా, ఇది చూస్తే ఎవరైనా పిలిచి ఉద్యోగమిస్తారే అనిపించింది. అందుకే రికుని పిలిచాను. వాడూ గెంతించాడు. ఆఫీసులో చూపిస్తానని పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాడు. ఈయన్ని మా దగ్గరికి పంపండి అన్నాడు.”

“నువ్వు నాతో చెప్పలేదు.”

“అడిగాను. నీ మంచం పక్కన కూర్చుని, హెల్సింకిలో ఉద్యోగమొస్తే వెళ్తావా అని. గుర్తుందా, ఏమన్నావో?”

“ఏదో అన్నాను.”

“నా అడవి వదిలేసి, నా దీవులు వదిలేసి, వెళ్ళి ఇంకొకడి బొమ్మకి కాళ్ళు అతికించమంటావా అన్నావు. కుట్లు పిగిలిపోతాయని నర్సు పరిగెత్తుకొచ్చి నన్ను బయటికి గెంటింది.”

“అయితే? గెంటితే ఇంటికొచ్చి నా గెంతు పంచిపెట్టేశావా?”

“తర్వాత రికు ఫోన్ చేశాడు. పోనీ ఆ గెంతు మేం వాడుకోవచ్చా, ఆయన పేరు వేస్తాం అన్నాడు. వాడుకో అన్నాను.”

“నన్నడక్కుండా!”

“అడిగితే ఇస్తావా?”

“చచ్చినా ఇవ్వను!”

“అందుకే అడగలేదు.”

“దొంగైతే పోలీసుల దగ్గరికి పోయేవాణ్ణి. కంపెనీ అయితే కోర్టుకెక్కేవాణ్ణి. నువ్వక్కా! నిన్నేం చెయ్యను? చెప్పు, నిన్ను నేనేం చెయ్యను?”

“ఏదైనా చెయ్యి. తిట్టు.”

“తిట్టడానికి నోరు రావట్లేదు! నా ఆటంతా ఇచ్చేశావు. నా అడవి, నా ఏరు, ఏడు దీవులు, గంటస్తంభం ఉన్న ఊరు...”

“గెంతు ఒక్కటే ఇచ్చానురా.”

“గెంతొక్కటే ఇస్తే వాళ్ళకి ఆ అడవి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ దీవులెక్కణ్ణుంచి వచ్చాయి?”

“నేను చెప్పాను.”

“ఏం చెప్పావు?”

“నువ్వు నాకు చెప్పినవన్నీ. ఇన్నేళ్ళుగా అన్నం దగ్గర కూర్చుంటే అవే కదా నీ కబుర్లు, నాకు కంఠతా వచ్చేశాయి. ఇది ఎక్కడ గెంతుతుంది అనడిగాడు రికు. ఏరు దాటితే ఎండాకాలమని, పడవలో తాతకి చేపలిస్తే దారి చెప్తాడని, పూసగుచ్చినట్టు చెప్పాను. వాడు రాసుకున్నాడు.”

“చెప్పడమెందుకు? మెషీన్ ముందే కూర్చున్నాడుగా వాడు. చూస్తే పోయేది కదా!”

“చూశాడు.”

“మరి?”

“ఇలారీ, ఆ రోజు నేను ఉడుతని కుడివైపు తీసుకెళ్ళాను. ఎడమవైపు తీసుకెళ్ళాను. నాకు చేతకావట్లేదేమో అనుకున్నాను. రికు కూడా చాలాసేపు వెతికాడు.”

“ఏం వెతికాడు?”

“అడవిని.”

“అక్కా...”

“బూడిదరంగు నేల, దాని మీద ఉడుత. అంతే ఉంది. నేల అయిపోయిన చోట అది కిందికి పడిపోతోంది, మళ్ళీ మొదట్లో వచ్చి నిలబడుతోంది.”

“అది... అది ఇంకా... ముందు గెంతు కుదరాలి కదక్కా. గెంతు సరిగ్గా కుదిరితే లోకం కట్టడం ఎంతసేపు? ఇంకా ఆ కాలు కొంచెం... ఆ ఆలస్యం కొంచెం తగ్గించాలి. అది అయితే ఇంక...”

“తెలుసురా.”

“తెలుసా? ముందటేటి నుంచీ తెలుసా? వసంతానికి అన్న ప్రతిసారీ తలూపావు కదా!”

“ఊపాను. పొద్దున్నే లేచి ఆ గదిలోకి వెళ్ళడానికి నీకున్నది ఆ మాటొక్కటే. నేను తల అడ్డంగా ఊపితే నువ్వెక్కడికి పోతావు?”

“వచ్చే వసంతానికి నిజంగానే...”

“కోప్పడకు ఇలారీ. నిన్ను ఆ గదిలోంచి బయటికి తేవడం నా వల్ల కాలేదు. కనీసం నీ గెంతుకైనా పోవడానికి ఒక చోటుండాలని ఇచ్చేశాను.”