సాక్స్ లోపలి మెట్టె

జనగామలో ఒక అద్దె గది. సాయంత్రం. నడుము ఆపరేషనై ఇంటికొచ్చిన దినేశ్ మంచం మీద బోర్లా పడుకొని ఉన్నాడు. కొత్త పెళ్లికూతురు నవ్య ఫోను పట్టుకొని ఉరికొచ్చింది.

“బావా! ఓ బావా! డాక్టర్ సారు మెసేజ్ పెట్టిండు! కుట్ల ఫోటో చూసిండట, మంచిగ మానినయట. రేపటిసంది బస్సు తోలొచ్చట!”

“నిజమా?”

“‘తిమ్మిరి లేదని రాసినవు, నొప్పి లేదని రాసినవు, ఇగ డ్యూటీకి పో దినేశ్’ అని గొంతుతోటే పంపిండు. వినిపియ్యాల్నా?”

“వద్దు. విన్నట్టే.”

“గదేంది, గింత సల్లగ అంటవు? నేనైతె గంతేసిన. కిందింటి పోశమ్మ అవ్వకు గూడ చెప్పిన. ‘గంత చిన్న బొక్కతోటి నడుము బాగైందా, చెవి కుట్టినట్టు’ అని ఒక్కటే నవ్వుడు.”

“ఊరంత చాటింపేసినవా?”

“వేస్త! బరాత్‌ల నన్నెత్తుకొని డాన్స్ చేసి నడుము పట్టుకున్న పెండ్లికొడుకు మళ్ల లేసిండని వేస్త. జర కాళ్లు సాపు, సాక్స్ తీసి నూనె రాస్త.”

“వద్దు నవ్యా.”

“రోజు రాపిచ్చుకుంటవు కదా?”

“కుడికాలుకు రాయి.”

“ఎడమకాలు ఏం పాపం జేసింది?”

“దానికి చక్కిలిగిలెక్కువ.”

“కానియ్యి. నవ్వక శానొద్దులైంది నువ్వు.”

“హహ్హ... ఆపు! ఆపు నవ్యా, చక్కిలిగిలైతంది!”

“బావా.”

“ఆఁ?”

“నేనింక ముట్టనే లే.”

“...గాలి తగిలిందేమో.”

“సాక్స్ లోపటికా గాలి?”

“చాయ్ పెట్టరాదు జర.”

“మాట మార్చకు. నా మెట్టె ఒకటి నీ ఎడమకాలికి తొడిగిన. ఏ వేలికుందో చెప్పు.”

“పిచ్చిదానా! మొగోనికి మెట్టేంది?”

“పెండ్లిల నా కాలు సన్నెకల్లు మీద పెట్టి నువ్వు తొడగలే? నేను గూడ తొడిగిన. చెప్పు, ఏ వేలికి?”

“బొటనేలు పక్కది.”

“ఇంకోసారి చెప్పు.”

“నడిమిది. ఆఁ, నడిమిదే. తియ్యి ఇగ.”

“చిటికెనేలికుంది బావా.”

“ఇప్పుడే పెడితివి. అందాజ దొరకలే, గంతే.”

“పొద్దుగాల పెట్టిన. నువ్వు వంగొద్దని నేనే కదా సాక్స్ తొడిగేది? దానితోటే వాకిట్ల నడిచినవు. దానితోటే అన్నం తిన్నవు. నిన్న నీ చెప్పు కాలికెళ్లి జారి గడపకాన్నే పడిపోయింది. నువ్వు ఉత్తకాలుతోటి నడుసుకుంట పోయినవు, నీకు తెల్వలే. గప్పుడే నాకు అనుమానమొచ్చింది. మెసేజ్ రాంగనే నాదే తప్పు అనుమానమని మస్తు సంబురపడ్డ.”

“నవ్యా...”

“ఎప్పటిసంది?”

“మొన్నటిసంది. ముందుగాల వేళ్లే. ఇప్పుడు పాదం పైకి లేస్త లేదు.”

“మరి సారుకు లేదని ఎందుకు రాసినవు?”

“మళ్ల కోస్తరు! భీమ్లా మామను చూడలేదా? నడుము రెండోసారి కోసినంక మంచం దిగిండా? నాకు భయమైతంది నవ్యా. పెండ్లై గింతల్నే నీతోటి మంచంల ఉచ్చ, దొడ్డి ఎత్తిపోపిచ్చుకునుడంటె...”

“బస్సుల ఎడమకాలు దేనికి బావా? చెప్పు.”

“క్లచ్‌కు.”

“ఎనుక ఎవలుంటరు?”

“పిల్లలు. రఘునాథపల్లి బడి పిల్లలు.”

“డిశ్చార్జ్ నాడు సారు ఏం చెప్పిండు? మొద్దుబారుడు కొత్తగ షురువైతె దాచొద్దు, ఉరికి రమ్మన్నడు. జల్ది వస్తె కాలు నిలవడ్తదన్నడు. ఆల్చం చేస్తెనే కష్టమన్నడు. అన్నడా, లేదా?”

“అన్నడు... ఏడుస్తున్నవా?”

“లేదు. నూనె కంట్ల పడ్డది.”

“సీసా మూతే తియ్యలే నువ్వు.”

“నోరు మూసుకో. కాలిటియ్యి, మెట్టె తీస్త.”

“తియ్యకు. ఉండనియ్యి. రేపు పొద్దుగాల బస్సు తాళాలు బడిల ఇచ్చేసి, అటే హన్మకొండ దవాఖానకు పోదాం. సారు ముంగట నా నోరు మళ్ల అబద్ధమాడితె, నువ్వు సాక్స్ ఇప్పు.”