చంద్రయ్య బంతి, పెట్రోల్ తాగని బండి

మరిపెడ సెంటర్లో కొమురమ్మ చాయ్ హోటల్ ముందు చంద్రయ్య తన చిన్న కారును తళతళా తుడిచి, అందరి కళ్లలో పడేలా నిలిపాడు. హోటల్ లోపల, బడి ఆటల సారు ప్రభుదాస్ కూర్చున్నాడు మరి. మర్నాడు ఆడపిల్లల బేస్‌బాల్ జట్టు భూపాలపల్లికి పోవాలి. పిల్లలు బస్సులో పోతారు గానీ బ్యాట్లు, గ్లవ్స్, హెల్మెట్ల మూటలకు ఒక బండి కావాలి. పక్క బెంచీ మీద చంద్రయ్యలాగే కిరాయికి బండి నడిపే రఫీ కూడా ఉన్నాడు, బయట అతని పెద్ద బండి ఉంది. కిరాయి ఇద్దరిలో ఒకరికే. అది రఫీకి పోతే ఈ నెల గడిచేదెట్లాగో చంద్రయ్యకు తెలియదు.

ఆ దిగులు మొహంలో కనపడనిస్తే అతను చంద్రయ్య ఎట్లా అవుతాడు? రఫీ బండి ఒక్క పూటకు తాగే పెట్రోల్‌తో తన బండి మూడు జిల్లాలు చుట్టొస్తుందని మొదలుపెట్టాడు. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ నిజంగా అంత మైలేజ్ ఇస్తుందా అని సారు అడిగాడు. అడగడమే ఆలస్యం.

"మైలేజా సార్? ఒకపారి జనగామల బేస్‌బాల్ మ్యాచ్ చూడబోయిన. నాకు క్రికెట్ కన్న గదంటేనే పానం. క్రికెట్ల కొట్టినోడు ఆడనే నిలబడొచ్చు. బేస్‌బాల్ల గట్ల నడువది, కొట్టినంక సుట్టు తిరిగి మళ్ల ఇంటికి రావాలె. బండి గూడ గంతే సార్, ఎంత ఉరికిందని కాదు, ఉన్న చుక్కతోని ఇల్లు చేరిందా లేదా. సరే, ఆ దినం ఒక పిలగానికి కాలు మెలికపడ్డది. జర నువ్వు రా అన్నా అని బ్యాట్ నా చేతుల పెట్టిండ్రు. నేనేదో మెల్లగ తగిలిచ్చిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"బాల్ పోయింది," అన్నాడు రఫీ.

"పోవుడు కాదు, పోతనే ఉన్నది. దిగుతలేదు. ఉన్నది ఒక్కటే బాల్, గది లేకుంటే ఆట బంద్. జర ఆగుండ్రి అని చెప్పి కారెక్కిన. చూస్తే పెట్రోల్ ముల్లు అడుగున ఉన్నది, ఎర్ర లైటు వెలుగుతున్నది. అయితేంది, పైన బాల్, కింద నేను. పెద్దవంగర దాటినం, ముల్లు కదల్లే. మానుకోట దాటినం, కదల్లే. గూడూరు అడివిల చెట్లు అడ్డమొచ్చి బాల్ కనపడకపాయె. మీద కొంగలు బాల్‌కు భయపడి ఎటు పక్కకు జరుగుతే నేను బండి గటు తిప్పిన. అప్పుడు చూస్తే సార్, ముల్లు పైకి లేస్తున్నది."

పెట్రోల్ పోయకుండా ముల్లు ఎట్లా లేస్తుందని సారు అడిగాడు. తక్కువ తాగే బండి కొన్నాళ్లకు తాగడం మానేస్తుందని, మానేశాక దాచిపెట్టడం మొదలుపెడుతుందని చంద్రయ్య ఏమాత్రం తడబడకుండా చెప్పాడు. భూపాలపల్లి వచ్చేసరికి ట్యాంకు పొర్లుతోందట. దారిలో ఆగిన రెండు బైకులకూ, ఒక పెళ్లి కారుకూ పోసినా తగ్గలేదట. ఊరి మొదట్లో కిటికీలోంచి చెయ్యి చాపితే బాల్ వచ్చి అందులో కూర్చుందట.

"తిరిగి జనగామకు పోయి బాల్ చూపిస్తే ఏమన్నరో ఎరుకేనా? కింద పడకముందే పట్టిండ్రు గాబట్టి కొట్టినోడు అవుట్ అన్నరు. నా బాల్ నేను పట్టుకుంటే నేనే అవుట్. ఆట న్యాయం గది, నేను ఒక్క మాట అనలే."

సారు నవ్వు ఆపుకోలేక చాయ్ మీద ఒలకబోసుకున్నాడు. ఇక కిరాయి తనదేనని చంద్రయ్య ఛాతీ ఇంకాస్త విరిచాడు.

అప్పటిదాకా చాయ్ వడబోస్తున్న కొమురమ్మ తలెత్తింది. ఆమె బిడ్డ జ్యోత్స్న ఆ జట్టులో బాల్ విసిరే పిల్ల. బండి కిరాయికి తల్లులంతా తలా కొంత వేసుకున్నారు.

"మంచిదే అన్నా. నడిచినకొద్ది నిండే బండికి మేము పైసలిచ్చుడెందుకు? ఆ పైసలతోని పిల్లలకు గుడ్లు, అరటిపండ్లు కొంటం. నీ బండిల పొర్లేది ఒక్కదినం మా పిల్లల కోసం పొర్లనియ్యి."

చంద్రయ్య సారు వంక చూశాడు. సారు అప్పటికే తల ఊపుతున్నాడు. రఫీ వైపు చూశాడు. తన బండికి అంత ఘనత లేదనీ, పెట్రోల్ పోస్తేనే నడుస్తుందనీ రఫీ ఎంతో వినయంగా తప్పుకున్నాడు. కాదంటే చెప్పిందంతా అబద్ధమవుతుంది, అవునంటే జేబుకు చిల్లు పడుతుంది. కానీ ఊళ్లో ఇన్నేళ్లుగా నిలబెట్టుకున్న పేరు ఉందే, దాన్ని చాయ్ హోటల్లో వదిలేసి ఇంటికి పోవడం చంద్రయ్య వల్ల కాలేదు.

"మూటలు పొద్దుగాలనే కట్టి పెట్టుండ్రి," అన్నాడు.

తెల్లారి బడికి పోయేముందు అతను ఊరవతల బంకులో కారు ఆపాడు. ఎవరూ చూడలేదనుకునేలోపు రఫీ బండి వచ్చి వెనకే ఆగింది.

"ఏందన్నా, నీ బండికి పెట్రోలా?"

చంద్రయ్య మొహం తిప్పకుండానే జవాబిచ్చాడు. "నిండి పొర్లుతున్నది తమ్మీ. పిల్లల మూటలు తడుస్తయని, జర బంకోళ్లకు పోసి పోదామని ఆగిన."

రఫీ కిటికీ దగ్గరికి వచ్చి వంగి, చంద్రయ్య చేతిలోని నోట్ల వైపు చూశాడు.

"మంచిపని చేస్తున్నవ్. మరి పెట్రోల్ పోసేటోనివి నువ్వే, పైసలిచ్చేటోనివి గూడ నువ్వే ఎట్లైతున్నవన్నా?"