జ్ఞానప్రసూనాంబగారూ, నలభై ముగ్గురి భర్తల పేర్లూ

1946వ సంవత్సరం జూన్ మూడో తేదీ సోమవారం ఉదయం, బందరు ప్రభుత్వాసుపత్రిలో రోగుల చేరిక పుస్తకం రాసే గుమాస్తాగా శ్రీమతి జ్ఞానప్రసూనాంబగారు ఉద్యోగ జీవితానికి శ్రీకారం చుట్టారు. దరిదాపు ముప్పై మూడేళ్ల నిరంతర సేవానంతరం, విజయవాడలోని వైద్య బిల్లుల తనిఖీ కార్యాలయంలో సీనియర్ ఆడిటరు హోదా నుంచి, ఈ 1979 మే నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఇటువంటి సందర్భాలలో సౌమ్యత, సౌజన్యం, సహనం అనే మూడు మాటలూ రాసి దండ వేసి పంపడం మన ఆచారం. జ్ఞానప్రసూనాంబగారికి మొదటి రెండూ పుష్కలంగా ఉన్నాయి. మూడోది లేకపోవడం వల్లనే ఈ వ్యాసం రాయవలసి వచ్చింది.

ఉద్యోగంలో చేరిననాడు ఆసుపత్రి సూపరింటెండెంటుగారు వివరాలు రాసుకుంటూ "భర్త పేరు?" అని అడిగారట. ఇరవై రెండేళ్ల ఆ ఇల్లాలు తల వంచుకుని నిలబడ్డారు. రెండోసారి అడిగినా అంతే. మూడోసారి ఆయన గొంతు పెంచేసరికి, బల్లమీది కలం తీసుకుని అద్దుడు కాగితం మీద గుండ్రని అక్షరాలతో "మల్లికార్జునరావు" అని రాసి చూపారు. "అదృష్టం, మీకు రాయడం వచ్చు. రాకపోతే ఏం చేద్దురమ్మా?" అన్నారట ఆయన. హైస్కూలులో లెక్కలు చెప్పిన మల్లికార్జునరావుగారు ఈనాటికీ ఆమె నోట "మా మేష్టారు" మాత్రమే.

సూపరింటెండెంటుగారి ప్రశ్న ఆమెను వదలలేదు. చేరిక బల్ల దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో సముద్రపు ఒడ్డు పల్లెల నుంచి వచ్చిన చేపల బేరగత్తెలు ఉండేవారు, పెద్ద పెద్ద లోగిళ్ల ఇల్లాళ్లూ ఉండేవారు. పురిటి నొప్పులు పడుతున్నా, తేలు కుట్టినా, భర్త పేరు అడిగితే అందరూ ఒకటే తీరుగా నేల చూసేవారు. ఆమె వారిని నిర్బంధించలేదు. ఆ గడిలో "ఫలానా వాళ్ల అమ్మ" అని బిడ్డ పేరు రాసి పని జరిపించేవారు. పెద్ద డాక్టరుగారు కోప్పడితే, "మనిషిని గుర్తుపట్టడానికే కదండీ ఈ గడి. వాళ్ల ఊళ్లో వాళ్లని గుర్తుపట్టేది ఇట్లాగేనండి" అన్నారు.

1955లో శాఖాపరమైన లెక్కల పరీక్షలో ఉత్తీర్ణులై, 1961లో విజయవాడకు బదిలీ అయి, 1972లో సీనియర్ ఆడిటరు పదవిని అలంకరించారు. భవానీపురం నుంచి మొదటి బస్సుకు వచ్చి, అటెండరు కంటే ముందు తలుపు దగ్గర నిలబడే అలవాటు వల్ల, తాళం చెవి ఆమె చేతికే ఇచ్చేయడం జరిగింది.

డెబ్బై ఏడు నవంబరు ఉప్పెన సంగతి ఈ సంచిక చదివేవారికి చెప్పనక్కర్లేదు. ప్రభుత్వాసుపత్రులు కిక్కిరిసిపోగా, గాయపడినవారిని ఎంపిక చేసిన ప్రైవేటు నర్సింగ్ హోముల్లో చేర్చి, మనిషికి ఒక్కసారి చొప్పున ఖర్చు ప్రభుత్వం భరించే ఏర్పాటు జరిగింది. ఆ బిల్లులన్నీ మా కార్యాలయానికే వచ్చేవి. వాటిలో ఒకటి నగరంలోని ఒక నర్సింగ్ హోముది. పేరు రాయను, రాస్తే కాగితం మైలపడుతుంది. నాగాయలంక అవతలి ఒక పల్లెకు చెందిన నలభై ముగ్గురు స్త్రీలకు చికిత్స చేశామంటూ పంపిన ఆ బిల్లు, పైనుంచి వచ్చిన తొందర మూలంగా, వచ్చిన వారంలోనే పాసయింది.

మార్చి నెలలో అదే పల్లె నుంచి కొండలమ్మ అనే ఆమె అర్జీ వచ్చింది. ఉప్పెనలో ఇంటి దూలం పడి మోకాలి కింద ఎముక విరిగింది. నాటువైద్యుడి కట్టు కుదరక వంకరగా అతుక్కుంది. మళ్లీ విరిచి లోపల ఉక్కు కడ్డీ వేయాలని, లేకపోతే కాలు తీసేయవలసి వస్తుందని డాక్టర్లు రాశారు. కడ్డీ ఖర్చు మంజూరు చేయడం మా పని. బిల్లుతో పాటు వచ్చిన చేరిక పుస్తకం తిరగేస్తే, కొండలమ్మకు ఆ నర్సింగ్ హోములో ఇరవై ఒక్క రోజుల చికిత్స అప్పటికే జరిగిపోయినట్టు ఉంది. నిబంధన ప్రకారం రెండోసారి ఇవ్వరాదు. "తిరస్కరించడమైనది" అని రాసి జ్ఞానప్రసూనాంబగారు సంతకం చేశారు.

పది రోజులకు కొండలమ్మ మేనకోడలి భుజం పట్టుకుని వచ్చింది. మా కార్యాలయానికి ఇరవై రెండు మెట్లు. వాటిని కూర్చుని, వెనక్కి జరుగుతూ, చేతులతో ఎక్కింది.

"నేనే ఆసుపత్రికీ పోలేదమ్మగారూ. ఎవరో పోతే నన్ను రాసుకున్నారేమో, ఒక్కసారి చూడండమ్మా," అంది.

ఒకే పేరుతో ఇద్దరున్నారేమోనని జ్ఞానప్రసూనాంబగారు నర్సింగ్ హోము పుస్తకం తీసి, అలవాటు కొద్దీ, భర్త పేరు అడిగారు. కొండలమ్మ నేల చూసింది. "మా పోలరాజు వాళ్ల నాన్నండి. ఉప్పెనలో పోయాడండి," అంది.

పుస్తకంలో మాత్రం "భర్త: కాశీరావు" అని స్పష్టంగా ఉంది. ఆమె కింది గడి చూశారు, దాని కిందిది చూశారు. నలభై ముగ్గురు ఆడవాళ్లకీ నలభై ముగ్గురు భర్తల పేర్లు, ఒక్క గడి ఖాళీ లేకుండా, ఒక్కచోట "ఫలానా వాళ్ల అమ్మ" అని లేకుండా, ఉన్నాయి. బందరులో పదిహేనేళ్లు చేరిక పుస్తకం రాసిన చేతికి అంత శుభ్రమైన పుస్తకం ఎన్నడూ తగల్లేదు. ఇది ఆడవాళ్లను అడిగి రాసింది కాదని ఆమెకు ఆ క్షణాన తెలిసిపోయింది. తన సంతకం ఎవరి కాలి మీద పడిందో కూడా తెలిసింది.

అప్పటి మా అధికారి వెంకటకృష్ణారావుగారికి ఈ సంగతి చెబితే ఆయన నీళ్లు నమిలారు. "పాసైపోయిన బిల్లమ్మా. ఇప్పుడు కెలికితే మసి మన చేతికే అంటుతుంది," అన్నారు.

"అంటనివ్వండి. సంతకం నాది కూడా ఉంది కదండీ," అన్నారు ఆమె. సెలవు పెట్టి, సొంత ఖర్చుతో బస్సెక్కి, ఆ పల్లెకు వెళ్లారు.

అక్కడ తెలిసినదేమిటంటే, దుప్పట్లు పంచుతామని నగరం నుంచి ఒకాయన వచ్చి, కరణంగారి దగ్గర పాత రేషను జాబితా ఎత్తి రాసుకుపోయాడు. దుప్పట్లు రాలేదు. జాబితాలోని ఆడవాళ్లు మాత్రం, భర్తల పేర్లతో సహా, ఇళ్ల వరుస తప్పకుండా నర్సింగ్ హోములో చేరిపోయారు. జాబితా ఉప్పెనకు ముందుది. కనుక ఇరవై తొమ్మిదో పేరు నాంచారమ్మ, ఉప్పెననాడే కొట్టుకుపోయి శవం కూడా దొరకని నాంచారమ్మ, పద్దెనిమిది రోజులు అక్కడ పాలూ రొట్టే పుచ్చుకుని, బలానికి సూదులు వేయించుకుని, "కోలుకుని ఇంటికి వెళ్లినది". ఈ వాక్యం చదివి ఒళ్లు మండనివాడు ఎవడైనా ఉంటే వాడు మా శాఖలో పనికిరాడు, మనుషుల్లోనూ పనికిరాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లులు గుడారాల్లో గంజికి వరుస కట్టిన రోజుల్లో, వాళ్ల పేర్ల మీద ఒక చదువుకున్న పెద్దమనిషి మేడ మీద మేడ వేసుకున్నాడు.

జూన్‌లో విచారణ జరిగింది. నర్సింగ్ హోము తరఫు ప్లీడరుగారు లేచి, పుస్తకంలో ఉన్న కొండలమ్మ వేరు, ఈమె వేరు అన్నారు. విచారణాధికారి కొండలమ్మను భర్త పేరు అడిగారు. ఆమె మాట్లాడలేదు.

"చూడమ్మా, నువ్వు పేరు చెప్పకపోతే నీ అర్జీ నిలవదు. కాలు పోతుంది. తెలుస్తోందా?" అన్నారాయన.

"తెలుస్తోంది బాబూ," అంది కొండలమ్మ. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతే.

ప్లీడరుగారు నవ్వారు. అప్పుడు జ్ఞానప్రసూనాంబగారు లేచారు. జన్మలో ఒక సభలో మాట్లాడి ఎరుగరు.

"అయ్యా, కాలు పోతుందన్నా ఆ పేరు చెప్పని మనిషి, జ్వరం చూసే నర్సు అడిగితే ఎట్లా చెప్పిందండి? ఈమె వద్దు, మిగతావాళ్లని పిలిపించండి. నలభై ముగ్గురిలో ఒక్కరు నోరు విప్పి చెప్పినా నా ఉద్యోగం తీసేయండి. నాంచారమ్మని కూడా పిలిపించమనండి, వారికి తెలుసుగా ఎక్కడుందో."

ప్లీడరుగారు మళ్లీ నవ్వలేదు.

ఆరు నెలల తర్వాత ఉత్తర్వు వచ్చింది. సొమ్ము తిరిగి రాబట్టారు, ఆ నర్సింగ్ హోమును జాబితా నుంచి తొలగించారు. కారణం దగ్గర "గుమాస్తా పొరపాటు" అని రాశారు. చచ్చినవాళ్లకు పాలు తాగించడం గుమాస్తా పొరపాటైతే, మా గుమాస్తాలందరి తరఫునా ఈ సంచిక ముఖంగా నిరసన తెలుపుతున్నాము. ఆ నర్సింగ్ హోము డాక్టరుగారి బోర్డు నేటికీ వెలుగుతూనే ఉంది. వారిని శాలువాతో సత్కరించిన సంఘాలూ ఈ ఊళ్లోనే ఉన్నాయి.

అయితే విచారణ ముగిసిన మూడో వారంలోనే, ఉత్తర్వు కోసం ఆగకుండా, కొండలమ్మ కడ్డీకి మంజూరు ఇప్పించారు జ్ఞానప్రసూనాంబగారు. తమ "తిరస్కరించడమైనది" కాగితాన్ని మాత్రం ఫైలులో పెట్టలేదు. నకలు ఫైలుకిచ్చి అసలు తమ సొరుగులో ఉంచుకున్నారు. మొన్న బాధ్యతలు అప్పగించేటప్పుడు తాళం చెవులతో పాటు దాన్ని కూడా కొత్త ఆడిటరుగారి చేతిలో పెట్టి, "ఎవరిదైనా కాదని రాయబోయే ముందు ఇది ఒకసారి చదువుకోండి. రూలు సరిగానే ఉంది, సంతకమూ సరిగానే ఉంది," అన్నారు.

వీడ్కోలు సభకు కొండలమ్మ వస్తానని కబురు చేసింది. అమ్మగారు చేపలు ముట్టరు కనుక ఏం తేవాలో తోచడం లేదని కూడా చెప్పి పంపింది. ఏమీ తేనక్కర్లేదు. ఆ ఇరవై రెండు మెట్లూ నిలబడి ఎక్కి వస్తే చాలు.

శ్రీమతి జ్ఞానప్రసూనాంబగారికీ, ఆమె పేరు పెట్టి పిలవని మేష్టారికీ భగవంతుడు నిండు ఆరోగ్యాన్నీ, నూరేళ్ల ఆయుష్షునూ ప్రసాదించాలని కోరుకుంటున్నాము. ఏ ఆసుపత్రి పుస్తకంలోనూ వారి పేర్లు ఎక్కకుండుగాక. ఎక్కవలసి వస్తే, ఆ గడి దగ్గర కూర్చున్నవారు ఆమెలాంటివారై ఉందురుగాక.