పెళ్లికార్డు వెనక లెక్కల సారు

ఆమె తార్నాకలో బస్సు దిగేసరికి, అతను యూనివర్సిటీ నుంచి సైకిలు మీద ఆయాసపడుతూ వచ్చాడు. వాళ్ల పెళ్లై నెల కూడా కాలేదు.

"ఎమ్మెల్యే గారిని కలిశావా? బడి అర్జీ యూనివర్సిటీలో నా టేబుల్ మీదే ఉండిపోయింది! మరి కవర్లో నేనేం పెట్టాను?"

"మన పెళ్లికార్డు."

"అయ్యో! అందరి ముందూ తెరిచారా?"

"తెరిచి, 'ముహూర్తం దాటిపోయింది కదమ్మా, భోజనాలేమైనా మిగిలాయా?' అన్నారు. హాలంతా ఒకటే నవ్వు."

"బడి కమిటీ నిన్ను నమ్మి పంపితే నేను పరువు తీశాను. మన పన్నెండు డిమాండ్లు?"

"భయానికి ఒక్కటి తప్ప ఏదీ గుర్తురాలేదండీ. పదో తరగతికి జూన్ నుంచి లెక్కల సారు లేడు, మార్చిలో పరీక్షలు అని మాత్రం చెప్పాను."

"ఏమన్నారు?"

"'అందరూ కాగితాల కట్టలు తెస్తారు, ఒక్క మాటతో వచ్చింది నువ్వేనమ్మా' అని అక్కడే విద్యాశాఖకు ఫోన్ చేశారు. సోమవారం సారు వస్తున్నారు! సిఫారసు కూడా ఈ కార్డు వెనకే రాసి సంతకం పెట్టారు, చూడండి."

"హమ్మయ్య! ఇలా ఇవ్వు, ఫ్రేమ్ కట్టిద్దాం."

"ఇది రేపు విద్యాశాఖ ఆఫీసులో ఇవ్వాలి. ఇంట్లో ఇంకా కార్డులున్నాయా?"

"ఓ యాభై మిగిలాయి."

"పారేయకండి. ఇంకా పదకొండు డిమాండ్లున్నాయి."