కూలి వడ్లకు బదులు కాగితాలు

యుద్ధం రోజులు. కొత్తపేట దగ్గర ఒక కళ్ళంలో నూర్పులు అయిపోయాక, కోత కూలీ ఒకామె తన ముఠా మేస్త్రిని నిలేసింది. అతను ఆమెకి స్వయానా అక్క మొగుడు.

"బావా, కూలికి వడ్లు కొలవాలి గదా. ఈ కాగితాలేంటి?"

"కామందు గారు డబ్బిస్తానన్నారు. మీ అందరి తరపునా నేనే ఒప్పుకున్నాను. డబ్బుంటే వడ్లు కొనుక్కోలేవూ?"

"కిందటేడు ఈ నోటుకి రెండు కుంచాలొచ్చేవి. నిన్న సంతలో ఒక్క కుంచం కూడా నిండా కొలవలేదు. వచ్చే నెలకి ఎంతొస్తాయో నువ్వు చెప్పు."

"ధర నా చేతిలో ఉందేటి?"

"వడ్లు మన ఇంట్లో ఉంటే ధరతో మనకేం పని? పిల్లలకి ఈ కాగితం ఉడకేసి పెట్టనా?"

"నామీద పడతావేంటే? నేనూ నోట్లే తీసుకున్నాను."

"పొద్దున్న అక్క దంపుడికి రమ్మంటే వెళ్ళేను. మీ గాదె నిండా కొత్త వడ్లే. నీకు సెంటు పొలం లేదు. ఎక్కడివి బావా?"

"మెల్లగా మాట్లాడు. నీకు రెండు కుంచాలు కొలిపిస్తాను. ఎవరికీ చెప్పకు."

"నాకొద్దు. మనోళ్ళంతా రేవులో పడవ కోసం కూర్చున్నారు. నువ్వొచ్చి చెబుతావా, నన్నే చెప్పమంటావా?"