ఎనిమిది బస్తాల సముద్రం

(మిర్యాలగూడలో రైస్ మిల్లు వెనక ఇల్లు. సూర్యాపేటలో కొత్తిల్లు కట్టుకున్న ఉమేష్ సంసారమంతా అట్టపెట్టెల్లోకి ఎక్కేసింది, కూతురు వాసవి పెంచుకునే ఉప్పునీళ్ల అద్దాల తొట్టి ఒక్కటి తప్ప. ఆ తొట్టి ముందు పీటేసుకుని వాసవి. పక్కన పడక్కుర్చీలో, నిజం చెప్పవలసి వచ్చినప్పుడల్లా కథ అందుకునే తాత గోవర్ధన్. నాయనమ్మ ఆండాళు వంటింట్లో ఉంది.)

"నేనడిగింది గది గాదు తాత. తొట్టిల రాగి యాడికెల్లి వచ్చింది?"

"అదే చెప్తున్ననే. సాగర్ కాలువకు మొదలు నీళ్లిడిసిన యేడు..."

"కాలువ సంగతి వద్దు."

"జర ఇను. ఆ నీళ్లల్ల ఒక బొచ్చె చేప కొట్టుకొచ్చి మన మిల్లుల జొరవడ్డది. తవుడు తిన్నది. తిన్నది, తిన్నది, పొద్దుగూకేసరికి కాంటా మీదికెక్కిస్తే కాంటా ఇరిగింది. కోసి సూస్తె కడుపుల ఏముండె ఎర్కనా?"

"రాగి."

"రాగి చెంబు. నిలువు చెంబు, సొట్ట గూడ పడలే. బొచ్చెలకు రాగి అంటే అంత పావురం, అంత పాణం బిడ్డా."

"ఈ తొట్టిల బొచ్చెలు లేవు తాత. ఇది కాలువ నీళ్లు గాదు. ఫిల్టర్ నీళ్లల్ల సముద్రపుప్పు కలిపి నేనే పోసిన. హైదరాబాద్‌ల చేపల దుకాణపాయన నీళ్లు పరీక్ష చేసి చెప్పిండు, రాగి మస్తుందని. చేపలు తట్టుకుంటయట. నత్తలు, రొయ్యలు, పగడాలు తట్టుకోవట. నా నత్తలన్ని పోయినయి. రొయ్య పోయింది. పగడాలు సూడు, ఎట్ల ముడుసుకున్నయో."

"ఇల్లు మారుడంటే ఎవలమైనా గంతే ముడుసుకుంటం."

"నవ్వులాట గాదు. కొత్త ట్యాంకుకు అద్దం కొయ్యాల్నా వద్దా అని కోదాడ జీవనన్న అడుగుతుండు. సాయంత్రం దాకనే టైమిచ్చిండు. రాగి యాడికెల్లొస్తుందో తెల్వకుంటె ఆడ గూడ గిదే అయితది. గట్లయితె వద్దనే చెప్తా."

"వద్దంటవా?"

"సంపుకునేతందుకు తెచ్చుకునుడెందుకు?"

"తొందరవడకు. జీవన్ పొద్దుగాల నాకు గూడ ఫోన్ చేసిండు. 'అద్దం పన్నెండు ఎంఎం మందం వేద్దామాండీ, పదిహేను వేద్దామాండీ' అంటడు. కోదాడోళ్లు అండీ పెట్టకుంటె ఆవులింతలు గూడ తియ్యరు. నేను చెప్పిన. నాలుగడుగుల తొట్టి, నీళ్లు, రాళ్లు, ఇసుక అన్ని కలిపి ఎనిమిది వడ్ల బస్తాలు తూగుతది. ఎనిమిది బస్తాలు ఆనేటట్టు కొయ్యి నాయినా అని."

"అద్దాలాయనకు బస్తాల లెక్క చెప్పినవా?"

"సముద్రమైనా మిర్యాలగూడల కాంటా ఎక్కాల్సిందే."

"మాట మార్సకు. వైర్లు సూసిన. మోటరు ఇప్పి సూసిన. పైపులన్ని ప్లాస్టిక్‌వే. ఈ ఇంట్ల రాగిదంటే నీ చెంబొక్కటే."

"నా చెంబుల నీళ్లు నేనే తాగుత. చేపలకు పొయ్య."

"మరి ఇయ్యాల స్టీలు గ్లాసుల తాగుతున్నవేంది? చెంబేది?"

"సామాన్లల్ల సర్దిన్రేమో."

"నువ్వు చెంబు సర్దనిస్తవా? పండుకున్నా పక్కలనే ఉంటది."

"ఇల్లు మారుతున్నం. మనిషి గూడ మారాలె."

"తాత. మూత తీసి దీంట్ల ఎవలన్న ఏమన్న ఏసిన్రా?"

"ఎవలేస్తరు."

"నేనడిగితే వంటింటి దిక్కెందుకు సూస్తున్నవ్?"

"పులుసు వాసనొస్తుంది."

"పులుసు గాదు, ఇయ్యాల పప్పు."

"సరే, నేనే ఏసిన. అయిపాయె. ఇగ జీవన్‌కు ఫోన్ చెయ్యి."

"ఏమేసినవ్?"

"నువ్వనేదే. రాగి."

"రాగిది ఏంది?"

"ఏదో ఉండె. చేతికొచ్చింది ఏసిన."

"ఆగు. చొక్కా చెయ్యి పైకి మలుసుకోని ఇసుకల ఎతుకుత. ఇటు పక్క లేదు. పెద్ద రాయెనక... ఏందో మెత్తగ తగిలింది. బట్ట. తాత, ఇది పసుపు బట్ట. చినిగిన కాడ పైసలు కనవడ్తున్నయి. పాత రాగి చిల్లి పైసలు, చిలుమెక్కి పచ్చగయినయి. ఇంకోటుంది. ఇంకోటి గూడ ఉంది."

"నావే. మా నాయిన గల్లాపెట్టెలయి."

"ఎందుకేసినవ్?"

"చేపలకు కూలి."

"కూలా?"

"రాత్రనక పగలనక తిరుగుతున్నయి. మిల్లుల హమాలీకి కూలి ఇచ్చేటోన్ని, వీటికి ఎగవెట్టాల్నా?"

"హమాలీలకు పసుపు బట్టల ముడుపు గట్టి ఇచ్చినవా తాత ఎన్నడన్న? దేవునికి మొక్కి కట్టే ముడుపు ఇది. ఈ ముడి సూడు. అట్టపెట్టెలకు తాడు గూడ నాయినమ్మ గిట్లనే ఏసింది, పండ్లతోని ఇప్పినా రాదు."

"మెల్లగ మాట్లాడు."

"నాయినమ్మేనా?"

"మెల్లగ అంటున్న గద. నాకు గూడ నిన్ననే తెల్సింది. మోకాళ్లు పట్టుకపోయినంక వాడపల్లికి పోలేకపోతున్నది. పున్నమ పున్నమకు కృష్ణల మునిగి, మొక్కుకోని, పైస ఏసొచ్చే మనిషి. ఇంట్ల కూసుండి ఏం జేస్తది? ముడుపులు అట్లకాడతోని నీ ఇసుకల కుక్కింది."

"నత్తలు సచ్చింది దీనివల్లనే అని ఆమెకు తెల్సా?"

"తెల్వదు. తెల్వనియ్యకు. నత్తలు పోయిన కాడికెల్లి నువ్వు సరిగ తింటలేవు. తన చేతుల పోయినయని తెలిస్తే ఆమె అసలుకే తినదు. ఇద్దరు పస్తులుంటె నాకెవలు వండుతరు?"

"గిది ఎట్ల దాస్త తాత? రేపు సూర్యాపేటల మళ్ల ఏస్తది."

"ఏందే దాసేది?"

(వంటింటి గడపలో ఆండాళు, చేతిలో గరిటె.)

"ఏం లేదు నాయినమ్మా."

"ఆ చేతులయి ఏందియి? నా ముడుపులు బయటికెందుకు తీసినవే? మొక్కు తీరినంక గంగలనే ఉండాలె."

"నాయినమ్మా, గిది గంగ గాదు. అద్దాల తొట్టి."

"సముద్రమని నువ్వే చెప్తివి గద. ఉప్పు కలిపితివి, అలలు గూడ పెడితివి. కృష్ణ ఎటు పోతది? సముద్రంలకే గద. సముద్రమే హాల్లకొచ్చినంక వాడపల్లి బస్సెక్కుడెందుకని ఈడనే మొక్కుకున్న."

"కని నాయినమ్మా, రాగి పడితే..."

"రాగి పడితే మంచిదని చెప్తున్నదే ఆండాళూ. ఇప్పటిదాక నాకు అదే చెప్తున్నది."

"తాత, నువ్వాగు. నాయినమ్మా, ఏమని మొక్కినవ్?"

"ఏమనేంది. కొత్తింట్ల ఉప్పునీళ్లు అడుగు పెట్టొద్దు, గ్రానైట్ పాడయితదని మీ నాయిన ఒకటే పట్టు వట్టె. నువ్వు తలుపేసుకోని ఏడిస్తివి. నా మనవరాలి సముద్రం ఆమె ఎంబడే రావాలె తల్లీ అని ముడుపు కట్టిన. ఒక్కదానికి మెత్తవడలే. రెండోదానికి గొణిగిండు. మూడోది ఏసినంక, ఈశాన్యం మూల నీళ్లుంటె మంచిదని వాస్తు సూసేటాయన చెప్పిండని వాడే వచ్చి ఒప్పుకునె. ఒప్పుకున్నడా లేదా?"

"...ఒప్పుకున్నడు."

"మరి? ఎందుకే కండ్లల్ల నీళ్లు?"

"ఉప్పు పడ్డది."

"రాగి పడితే ఏమో అంటివి."

"ఏం గాదు. మంచిదే నాయినమ్మా. తాత చెప్పినట్టే."

"సూసినవా, నా మాట ఒక్కటన్న నిజమయింది. ఇగ జీవన్‌కు ఫోన్ చెయ్యి బిడ్డా."

"హలో జీవనన్నా, వాసవిని. ఆ, కొయ్యండి. నాలుగడుగులదే. లేదు, ఈ తొట్టిల రాళ్లు, ఇసుక తేను. వాటికి రాగి... వాటికి వయసైపోయింది. చేపలను తెస్త, మిగిలినయన్ని కొత్తయే. ఇంకొకటన్నా, పైన మూత చెయ్యండి. అద్దందే, బరువుది. తాళం పడేటట్టు. అవునన్నా, తాళమే. ఉంట."

"చేపల తొట్టికి తాళమెందుకే?"

"సూర్యాపేటల పిల్లులెక్కువట నాయినమ్మా."

"పిల్లుల సంగతి తర్వాత. మొక్కు దీరినంక ఏస్కో తాళం."

"తీరింది గద. నాన్న ఒప్పుకున్నడు."

"కోరిక తీరింది. మొక్కు దీర్చొద్దా? వాడు ఒప్పుకుంటె, కొత్తింట్ల పాలు పొంగిచ్చిన రోజే కొత్త సముద్రంల రాగి చెంబు ఇడుస్తనని మొక్కిన."

"చెంబా?"

"మా నాయిన పెండ్లిల పెట్టిన చెంబు. నిన్ననే మీ తాతకు గూడ చెప్పిన. మాటిచ్చినంక తప్పుతమా? ఏమయ్యా, చెంబేది? నిన్నటి సంది కనవడ్తలేదు."

"నిన్న నువ్వు చెప్పినప్పుడు ఈ కుర్చీ కిందనే ఉండె."

"ఇప్పుడేది?"

"పొద్దటి సంది నీ మనవరాలికి అదే చెప్తున్న, ఇంటలేదు. బొచ్చె మింగింది."